పొద్దున పూట రాని రేట్లు

మంగళవారం, గుంటూరు

లేవగానే కోల్డ్ స్టోరేజీ గుమాస్తా ఫోను. "బిల్లులు వస్తన్నయ్యండీ, రేట్లే రావట్లా. ఒకసారి నొక్కితే వస్తంది, ఇంకోసారి నొక్కితే తిరగతానే ఉంటంది." అసలే మిర్చి సీజను. తేజ రకం రేటు పది నిమిషాలు కనపడకపోతే రైతు ఊరుకోడు.

ఆయన మాటల్లోనే సగం జవాబుంది. బిల్లులు, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, ఏ లాటు ఎక్కడుందో, అదంతా పాత జాంగో (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే సాధనం). రైతుల ఫోన్లకు రేట్లు పంపేది ఈమధ్య రాసిన ఫాస్ట్ఏపీఐ (అదీ పైథాన్ సాధనమే). రెండూ ఒకే ప్రాసెస్‌లో, అంటే ఒకే ప్రోగ్రాముగా నడుస్తాయి. ఫాస్ట్ఏపీఐ రూట్లన్నీ (ఏ అడ్రసుకు ఏ కోడో) ముందు రాసి, అన్నిటికన్నా చివర జాంగోని మౌంట్ చేశాం, అంటే తగిలించాం (ముందే చేస్తే వచ్చిన ప్రతి రిక్వెస్టునూ అదే లాగేసుకుంటుంది). 2019 డిసెంబరులో వచ్చిన జాంగో 3.0 నుంచి ఏఎస్‌జీఐ (సర్వరూ పైథాన్ యాపూ మాట్లాడుకునే ఎసింక్ పద్ధతి) ఉంది కాబట్టి అదేమంత కష్టం కాలేదు. పాతదంతా పీకి కొత్తదాంట్లో రాసెయ్యమనే వాళ్ళు, జాంగో అడ్మిన్ స్క్రీన్లకు చెయ్యి అలవాటైన గుమాస్తా చేత కొత్త స్క్రీన్ మీద ఒక్క బిల్లు కొట్టించి చూపించాలి.

బ్రాడీపేట ఆఫీసుకెళ్ళి లాగ్ తెరిస్తే, "సర్వర్ హ్యాజ్ గాన్ అవే", అంటే డేటాబేస్‌తో కనెక్షన్ తెగింది. మనం మార్చకపోతే మా డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ ఊరికే పడి ఉన్న కనెక్షన్‌ను 28,800 సెకన్లకు, అంటే 8 గంటలకు తెంపేస్తుంది. రాత్రంతా రేట్లు అడిగే నాథుడుండడు. జాంగో అయితే ప్రతి రిక్వెస్టుకు ముందూ వెనకా పాత కనెక్షన్లు చూసి మూసేస్తుంది, కానీ తన గుండా వచ్చిన రిక్వెస్టులకే. మా రేట్ల కోడు జాంగో మోడళ్ళను (డేటాబేస్ టేబుళ్ళను చదివే కోడు) వాడుకుంటుంది గానీ జాంగో గడప తొక్కదు. దాని కనెక్షన్ చచ్చినా పట్టించుకునేవాళ్ళు లేరు.

"మిడిల్‌వేర్‌లో క్లోజ్ ఓల్డ్ కనెక్షన్స్ పిలిస్తే సరిపోద్ది కదన్నా" అన్నాడు కొత్తగా చేరిన కుర్రాడు. మిడిల్‌వేర్ అంటే ప్రతి రిక్వెస్టూ దాటి వెళ్ళే పొర, క్లోజ్ ఓల్డ్ కనెక్షన్స్ అంటే జాంగో పాత కనెక్షన్లు మూసే ఫంక్షనే. ఎవరికైనా ముందు తట్టేది అదే. కానీ మిడిల్‌వేర్ నడిచేది ఈవెంట్ లూప్ థ్రెడ్‌లో (థ్రెడ్ అంటే ప్రోగ్రాములో విడిగా నడిచే ఒక పని వరస; ఇది రిక్వెస్టులన్నీ చూసే ముఖ్యమైనది). మామూలు డెఫ్‌తో (ఎసింక్ లేకుండా) రాసిన మా రేట్ల ఫంక్షన్ నడిచేది థ్రెడ్‌పూల్‌లో, అంటే పక్కనుండే థ్రెడ్ల గుంపులో. జాంగోలో ఏ థ్రెడ్ కనెక్షన్ ఆ థ్రెడ్‌దే. డిపెండ్స్‌లో (ఫంక్షన్ కన్నా ముందు కోడు నడిపే ఫాస్ట్ఏపీఐ ఏర్పాటు) పెట్టినా అదే థ్రెడ్ దొరుకుతుందన్న హామీ లేదు. గుమాస్తా చెప్పిన దోబూచులాట కూడా ఇదే: చచ్చిన కనెక్షన్ ఉన్న థ్రెడ్‌కి పడితే ఎర్రరు, కొత్త థ్రెడ్‌కి పడితే రేటు.

పాత కనెక్షన్లు మూసే చిన్న డెకరేటర్ (ఫంక్షన్‌కు తొడిగే కోడు) రాసి ఆ రేట్ల ఫంక్షన్‌కే చుట్టాం. పరీక్షకి 8 గంటలు ఎవరు కూర్చుంటారు? టెస్ట్ సర్వర్లో వెయిట్ టైమ్‌అవుట్ (ఆ 8 గంటల గడువు) 5 సెకన్లకు దించి, పాత కోడుతో ఎర్రరు రప్పించి, కొత్తదాంతో పోయిందని చూసుకున్నాకే భోజనానికి లేచాం.

ఇక లాగిన్ సంగతి తేలాలి. జాంగో సెషన్ కుకీనే (లాగిన్ అయ్యాక బ్రౌజర్లో మిగిలే గుర్తు) ఫాస్ట్ఏపీఐ వైపు కూడా చదువుకుందామని నేను, రైతులకు వేరే టోకెన్ ఇద్దామని కుర్రాడు. రైతు బిల్లింగ్ వైపు ఎలాగూ రాడు కాబట్టి వాడి మాటే సబబనిపిస్తోంది.