బెప్పు వెదురు మ్యూజియంలో బద్దలు చూడండి, తర్వాతే బుట్టలు

చేతిపనుల పీరియడులో వెదురు చీల్చబోయి వేళ్ళు కోసుకున్న బ్యాచ్‌లన్నిటికీ ఈ నాలుగు మాటలు.

జపాన్‌లో, క్యూషూ దీవిలో, బెప్పు అనే వేడినీటి బుగ్గల ఊరుంది. అక్కడ వెదురు అల్లికలకే ఓ చిన్న మ్యూజియం ఉంది. నగరపాలక సంస్థ 1994లో తెరిచింది. ఎడో కాలంలో (1603–1868) ఒంటి బాగు కోసం బుగ్గల దగ్గర రోజుల తరబడి మకాం వేసినవాళ్ళు సొంతంగా వండుకునేవాళ్ళు. అందుకు కొన్న బుట్టల్ని పోతూపోతూ ఇంటికీ పట్టుకెళ్ళేవాళ్ళు. అలా గిరాకీ పెరిగి, 1902లో ఈ పని నేర్పే బడే వెలిసింది. ఈ ఊరి వెదురు కళాకారుడు షోనో షోఉన్సాయ్‌కి 1967లో ‘సజీవ జాతీయ సంపద’ గౌరవం దక్కింది; చేతిపనుల్లో ఆరితేరినవాళ్ళకి జపాన్ ప్రభుత్వం ఇచ్చేదది. వెదురు పనిలో అది మొదటిసారి.

వచ్చినవాళ్ళంతా ఆయన పనితనం చూడ్డానికి పరుగెడతారు. ముడిసరుకు దగ్గర ఆగితేనే అసలు సంగతి తెలుస్తుంది.

వాడేది మదాకే రకం. కణుపుల మధ్య దూరం ఎక్కువ, బద్ద వంగుతుంది, విరగదు. మూడు నాలుగేళ్ళ బొంగునే, అదీ చలికాలంలో కొడతారు. మిగతా కాలంలో బొంగులో చక్కెర, పిండిపదార్థం ఎక్కువ. పురుగు చేరి పుచ్చిపోతుంది. తర్వాత కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళలో ఉడకబెట్టి, పైకి ఊరిన నూనెను వేడిమీదే తుడిచేస్తారు. ఆలస్యమైతే మచ్చలు పడతాయి. ఎండబెడితే పచ్చదనం పోయి దంతపు రంగు వస్తుంది.

చీల్చడంలో సూత్రం ఒకటే: సగానికి సగం. కత్తి ఒక పక్కకి జారి ఆ పక్క సన్నబడుతుంటే, మందంగా ఉన్న పక్కను ఎక్కువ వంచాలి. చీలిక వంగినవైపుకే నడుస్తుంది కాబట్టి మళ్ళీ మధ్యకొస్తుంది. కంగారులో సన్నపక్కను లాగితే బద్ద అక్కడే తెగుతుంది. పైపొర ఉంచుకుని లోపలి మెత్తని భాగం తీసేస్తారు. చెక్కదిమ్మలో దిగ్గొట్టిన రెండు కత్తుల నడుమ నుంచి లాగి, బద్దలన్నిటికీ ఒకే వెడల్పు తెస్తారు. వెడల్పు తేడా వస్తే అల్లికలో కళ్ళు, అంటే బద్దల మధ్య ఖాళీలు, ఒక్కలా రావు. వెదురు చీల్చడానికే మూడేళ్ళు అని అక్కడి పనివాళ్ళ మాట. అందులో అతిశయోక్తి లేదు.

బెప్పు పనికి మూల అల్లికలు ఎనిమిది. ఆరుపలకల కళ్ళ అల్లిక మన కోళ్ళగంపల మీదా కనిపిస్తుంది. ఇందులో బద్దలు మూడు దిక్కుల్లో ఒకదానికింద ఒకటి దూరి బిగుసుకుంటాయి కాబట్టి పక్కకి జరగవు. బుట్ట అడుగుభాగం ఎంత పెంచినా అది బల్లపరుపుగానే ఉంటుంది. గోడ లేపాలంటే ఆరు మూలల్లో ఒక్కో కన్ను అయిదు పలకలతో అల్లాలి. ఒక మూల మరిచిపోతే గోడ తెరుచుకుంటుంది. మూలలు సమదూరంలో లేకపోతే బుట్ట ఒరుగుతుంది.

అందుకే అక్కడి అరల్లో బుట్టల్ని చూసేటప్పుడు కాస్త వంగి మూలలు లెక్కపెట్టండి. కొనేటప్పుడయితే తిరగేసి చూడండి: అడుగున అడ్డంగా దూర్చిన బలం బద్దలు బిగువుగా ఉన్నాయా, అంచు లోపలి చట్రాన్నీ బయటి చట్రాన్నీ కలిపే పేము చుట్టులో కొస ఎక్కడైనా వదిలిందా? ముందు ఊడేది అంచే.