మెస్ టైమింగ్స్ లేని వేసవి

హాస్టల్లో ఉన్నన్నాళ్లూ నా ఆకలికి మెస్ టైమే తెలుసు. పొద్దున ఎనిమిదింటికి టిఫిన్, ఒంటిగంటకు అన్నం, రాత్రి ఎనిమిదింటికి మళ్ళీ అన్నం. కడుపు అడిగినా అడగకపోయినా ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడేవాళ్ళం. ఆదివారం చికెన్ రోజు కడుపు నిండాక కూడా ఇంకో ముక్క వేయించుకునేవాళ్ళం, మళ్ళీ వారం దాకా దొరకదు కదా.

2020 మార్చి 16 నుంచి తెలంగాణలో కాలేజీలన్నీ మూతపడ్డాయి. నెలాఖరు దాకానే అన్నారు కాబట్టి నాలుగు బట్టలు, రికార్డు బుక్కు సంచిలో పెట్టుకుని సూర్యాపేట బస్సెక్కాను. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్.

ఊళ్ళో కూడా మొదట్లో సరిగ్గా ఒంటిగంటకే ఆకలేసేది. గ్రెలిన్ అనే హార్మోన్ పని ఇది, 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. కడుపు ఖాళీ అయినప్పుడే కాదు, అలవాటైన భోజనం వేళ దగ్గరపడినా అది పెరుగుతుంది. కొన్నాళ్ళకు ఆ వేళలు చెదిరిపోయాయి. రాత్రి రెండింటి దాకా మేలుకోవడం, పొద్దున సిగ్నల్ కోసం డాబా ఎక్కి ఆన్‌లైన్ క్లాసు, మధ్యలో ఫోన్లో కేసుల లెక్కలు చూస్తూ మురుకుల డబ్బా ఖాళీ చేయడం. ఆ మురుకులు ఆకలికి తిన్నవి కావు. పరీక్షలు ఉంటాయో లేదో, నాన్న ట్రాలీ ఆటో మళ్ళీ ఎప్పుడు రోడ్డెక్కుతుందో అన్న భయానికి తిన్నవి.

ఆ వేసవిలోనే మా క్లాస్‌మేట్ ఒకమ్మాయి డిసర్టేషన్ కోసం ఒక గూగుల్ ఫారం పంపింది. విషయం ఇంట్యూటివ్ ఈటింగ్. ఎవెలిన్ ట్రిబోలీ, ఎలీస్ రెష్ అనే ఇద్దరు అమెరికన్ డైటీషియన్లు 1995లో ముందుకు తెచ్చిన పద్ధతి అది. డైటింగ్ మానేయి, ఆకలేస్తే తిను, నిండితే ఆపు, ఏ తిండినీ పాపంలా చూడకు అంటారు వాళ్ళు. దాన్ని కొలవడానికి ట్రేసీ టిల్కా అనే సైకాలజిస్టు 2006లో ఒక ప్రశ్నావళి తయారు చేశారు. 2013లో సవరించాక అందులో 23 వాక్యాలున్నాయి. దిగులుకు తింటావా, ఆకలికి తింటావా అని అడిగే భాగం దగ్గర నేను చాలాసేపు ఆగాను. నిజంగా మంచి ప్రశ్న. ఆ తర్వాత మురుకుల డబ్బా తీసే ముందు ఒక్క నిమిషం కడుపు మాట వినడం నేర్చుకున్నాను. జొన్నరొట్టె తిన్న రోజు సాయంత్రం దాకా ఆకలి కాదని, తెల్లన్నం, పచ్చిపులుసుతో తింటే మూడింటికే అవుతుందని గమనించాను. ఇరవై ఏళ్ళు దాటాక నా ఒళ్ళు నాకు పరిచయమైనట్టనిపించి ఎంతో సంతోషమేసింది.

ఆ ఉత్సాహంలో మామిడికాయలు కోస్తున్న అమ్మకు కూడా ఆ వాక్యాలు చదివి వినిపించాను. "ఎప్పుడు తినాలో నా ఆకలే చెప్తుంది. అవునా కాదా అమ్మా?"

"అందరు తిన్నంక తింట బిడ్డా. గప్పుడు నాకు ఆకలుందా లేదా అని ఎవరు చూస్తరు?"

పొద్దున ఆరింటికి లేచి, పన్నెండింటికి వంట ముగించి, నాన్నకు, తమ్ముడికి, నాకు పెట్టి, ఆమె పళ్ళెం ముందు కూర్చునేసరికి మూడయ్యేది. గిన్నెలో ఏది మిగిలితే అదే కూర. ఆ 23 వాక్యాల్లో ఎక్కడా నీకు ఎన్నో వంతులో వడ్డిస్తారని లేదు.

సరుకుల సంగతీ అంతే. ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1500 రూపాయలు ఇచ్చింది. నాన్న ఆటో ఇంటి ముందే నిలబడిన ఆ నెలల్లో అది పెద్ద ఆసరా. బియ్యానికి లోటు రాలేదు. పప్పు, నూనె, గుడ్లు మాత్రం అమ్మ లెక్కపెట్టి వాడింది. ఒళ్ళు అడిగింది తినమంటే, గుడ్డు నా ఒంటికీ కావాలి, తమ్ముడి ఒంటికీ కావాలి.

పైగా అన్నంతో కడుపు నిండితే ఆకలి ఆగిపోతుంది. లోపల ఏం తక్కువైందో అది చెప్పదు. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ గోడ పక్కనుంచే నడిచేదాన్ని. ఆ సంస్థ 1918లో కూనూరులో, ఒకే ఒక్క గదిలో, బెరిబెరి జబ్బు మీద పరిశోధనతో మొదలైంది. బాగా పాలిష్ పట్టిన బియ్యమే తింటూ బతికేవాళ్ళకు బి1 విటమిన్ అందక వచ్చే జబ్బది. కడుపు నిండిన మనిషికి కూడా వస్తుంది. అందుకే ఆకలి మాట ఒక్కటే చాలు, పోషకాహార లెక్కలు అక్కర్లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆకలిని వినాలి, పళ్ళెంలో ఏముందో కూడా చూడాలి.

2021 మేలో నాకు కోవిడ్ వచ్చింది. వాసన పోయింది, దాంతో ఆకలీ పోయింది. అమ్మ పెట్టిన పప్పు నోట్లో మెత్తగా తగిలేది తప్ప ఇంకేమీ తెలియలేదు. ఆవకాయ మంట ఒక్కటే తెలిసేది. కారం నిజానికి రుచి కాదు, దాన్ని మోసుకెళ్ళే నరం వేరు. ఆ రోజుల్లో నా ఒంటి మాట వింటే నీళ్ళు కూడా తాగకపోదును. అమ్మ తలుపు అవతల పళ్ళెం పెట్టి, "టైమైంది, రెండు ముద్దలన్న తిను" అనేది. అదే నన్ను నిలబెట్టింది. మెస్ టైమింగ్స్ లాంటి వేళలకు కూడా విలువుందని అప్పుడే తెలిసింది.

నాకు తగ్గాక ఇంట్లో ఒకటి మార్చాం. కూరగిన్నె, అన్నం గిన్నె మధ్యలో పెట్టి నలుగురం ఒకేసారి కూర్చుంటాం, ఎవరికి వాళ్ళం వడ్డించుకుంటాం. మొదట్లో అమ్మకు ఇబ్బందిగా ఉండేది, మాటిమాటికీ లేచేది. ఇప్పుడు పన్నెండున్నరకే "నాకు ఆకలైతుంది, రాండ్రి" అని తనే పిలుస్తోంది.

విద్యార్థుల తిండి మీద ఇలాంటి ఫారాలు తయారు చేసేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఇంకో రెండు ప్రశ్నలు చేర్చండి. మీ ఇంట్లో చివరగా తినేదెవరు? నెలాఖరుకు ముందే అయిపోయే సరుకేది? నాకు లింకు పంపితే నా జవాబుతో పాటు మా అమ్మ జవాబు కూడా రాసి పంపిస్తాను.