ఆదివారం కాస్తా పోయింది

చెల్లి పడుకుంది. అమ్మ వంటింట్లో ఏదో సర్దుతూ గొణుగుతోంది. నాకు ఆ పసుపుపచ్చ బ్యాడ్జీ మీద కోపం తగ్గక ఇలా కూర్చున్నాను. గుండ్రంగా, పళ్ళికిలిస్తున్న మొహం. ఇవాళ చెల్లి నర్సుగా చేసే ఆసుపత్రిలో ఒత్తిడి తగ్గించుకోవడం ఎలా అని క్లాసు పెట్టి, ప్రతి సిస్టరుకీ ఒకటి ఇచ్చారు. డ్యూటీలో పెట్టుకోవాలట.

డయాలసిస్ వార్డు వాళ్ళకి దొరికేదే ఆదివారం. తలంటు, వారం బట్టలు, మధ్యాహ్నం నిద్ర అన్నీ దానికోసమే దాచుకుంటుంది. క్లాసు కూడా ఆ రోజే పెట్టారు. రాకపోతే ఆబ్సెంటట. విశాఖ నుంచి ఒకాయన కోటు వేసుకుని వచ్చాడు. సోంపేట ఉక్కలో కోటు! నీళ్ళ గ్లాసు పైకెత్తి "దీని బరువెంత?" అని అడిగాడట. ఆ కథ వినని వాళ్ళెవరు? ఎంతసేపు మోస్తే అంత బరువు, దించేస్తే హాయి. మా చెల్లి ఊరుకుంటుందా? "నీళ్ళు రెండొందల గ్రాములు సార్. మా వార్డులో అదే ఎక్కువ" అందట. వెనక వరసంతా ఒకటే నవ్వు. ఆయనకి అర్థం కాలేదు. కిడ్నీలు పోయాక తాగిన నీళ్ళు ఒంట్లోనే ఉండిపోతాయని, మిషను ఎక్కేముందూ దిగాకా బరువు చూసి ఆ నీళ్ళకే లెక్క కడతారని, కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ మా ఉద్దానంలో బడి పిల్లల్ని అడిగినా చెబుతారు. ఎవరి దగ్గరికి వస్తున్నాడో కనుక్కుని రావద్దూ?

చివర్లో "సమస్య పనిలో లేదు, మీరు చూసే చూపులో ఉంది" అన్నాడట. అక్కడే నాకు ఒళ్ళు మండింది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది, బర్నవుట్, అంటే పనితో పూర్తిగా అలిసి నీరసించిపోవడం, జబ్బు కాదు, పనిచేసే చోట ఎడతెగని ఒత్తిడిని సరిగ్గా పట్టించుకోకపోవడం వల్ల వచ్చేదని. మరి ఒక్కో సిస్టరుకీ ఎన్ని మిషన్లు అప్పజెప్పారు, ఒకేసారి ఇద్దరికి బీపీ పడిపోతే ఎటు పరిగెత్తాలి, ఇవేవీ అడగలేదా ఆయన? అడగలేదు. గట్టిగా ఊపిరి పీల్చి వదలమన్నాడు.

బోర్డు మీద 14416 కూడా రాశాడట. అది మాత్రం మంచిపనే. టెలి మానస్ అని, మనసు బాగోనప్పుడు ఫోన్ చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. "పోనీ ఒకసారి చేసి చూడు" అన్నాను.

"చేసి ఏటని చెప్పనప్పా? మూడో బెడ్డు తాత ఇంక రాడని చెప్పనా?" అంది.

మా నాన్న కూడా డయాలసిస్ మీద ఉండే పోయారు, ఆ సంగతి మళ్ళీ మొదలుపెట్టను. కానీ ఆయన్ని చూసిన సిస్టర్ గురించి ఎప్పుడూ రాయలేదు. మిషను మీద పడుకుంటే నాలుగు గంటలు. వెళ్ళిన ప్రతిసారీ అదే మంచం, అదే మనిషి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి కవిటి తోటలో పడిపోయిన కొబ్బరి చెట్ల కథ నాన్న ఆవిడకి ఎన్నిసార్లు చెప్పారో! ఏ చెట్టు తాత వేసింది, ఏది నీళ్ళకి, ఏది నూనెకి, అన్నీ ఆవిడకి కంఠతా వచ్చేశాయి. "పెద్దాయనా, మూడు కేజీలు పెరిగారు, నీళ్ళెవరు పోశారు?" అని గదమాయిస్తే, నాన్న నా చారు మీదకి నెట్టేసేవారు.

ఆయన పోయాక ఫైలు కోసం నేనూ అమ్మా వెళ్ళాం. ఆ మంచం మీద ఎవరో కుర్రాడు. ఆవిడ అతని ఫిస్టులాకి, అదే డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపిన చోట, సూది పెడుతోంది. మమ్మల్ని చూసి "కూర్చోండమ్మా" అని పని కానిచ్చింది. ఎంత గట్టి మనిషో అనుకున్నాను. ప్లాస్టరు అంటించాక మావైపు తిరక్కుండానే అడిగింది: "ఒరిగిపోయిన చెట్టు ఒకటుండాలి, కొట్టించేశారా?"

లేదు, కాపు కాస్తోందని అమ్మ చెప్పింది. ఆవిడ తలూపి పక్క మిషను దగ్గరికి వెళ్ళిపోయింది.

మా ఇంటికి పదకొండు రోజులూ జనం వస్తూనే ఉన్నారు. పరిచయం లేని వాళ్ళు కూడా వచ్చి పలకరించి వెళ్ళారు. ఆవిడని ఎవరు పలకరించారు? మైల లేదు, సెలవు లేదు, అరగంటలో ఆ మంచానికి దుప్పటి మార్చాలి. అలాంటివి మా చెల్లికి ఇప్పటికి ఎన్ని అయ్యాయో నేను లెక్క అడగను.

ఆ క్లాసుని తిట్టి పడుకుందామనే మొదలుపెట్టాను. కానీ భోజనాల దగ్గర చెల్లి ఇంకో మాట చెప్పింది. కోటాయన వెళ్ళిపోయాక సమోసాలు రావడం ఆలస్యమైందట. అందరూ అక్కడే కూర్చుండిపోయారు. అందరికంటే పెద్ద సిస్టరు, ఎప్పుడూ చిర్రుబుర్రులాడే ఆవిడే, మూడో బెడ్డు తాత మాట ఎత్తి చెల్లిని "నువ్వెలా ఉన్నావే?" అందట. అంతే. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు. వార్డుబాయ్ కూడా ఏడ్చాడట. "బాగుందప్పా" అంది. ఉద్యోగం గురించి దాని నోట ఆ మాట విని చాన్నాళ్ళయింది.

మరి క్లాసు పెట్టకపోతే అదీ ఉండేది కాదు కదా? ఏమో. ఇందాక ఫోన్లో చదివాను. బోస్టన్‌లో కెన్నెత్ ష్వార్ట్జ్ అని ఒక లాయరు, 40 ఏళ్ళకే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1995లో పోయారు. తనని చూసుకున్న వాళ్ళు చూపించిన ఆప్యాయత గురించి పోయేముందు రాశారు. ఆయన పేరుతో ఇప్పుడు చాలా ఆసుపత్రుల్లో డాక్టర్లూ, నర్సులూ, మిగతా సిబ్బందీ కలిసి కూర్చుంటారు. ఏ పేషెంటు దగ్గర తమకి ఎలా అనిపించిందో చెప్పుకుంటారు. సలహాలివ్వడం దాని పని కాదు. మావాళ్ళకది సమోసాల పుణ్యమా అని జరిగింది. కాబట్టి ఆ క్రెడిట్ కోటాయనకి ఇవ్వను.

నెలకోసారి డ్యూటీ టైములోనే ఒక గంట అలా కూర్చోనివ్వమని అడగవే అంటే, "మిషన్లు ఎవరు చూస్తారు?" అంది. అదీ నిజమే. మనుషుల్ని వేయకుండా ఆ గంట ఎక్కడినుంచి వస్తుంది?

అమ్మ మధ్యలో దూరి, రేపు తనే వెళ్ళి ఆ పిల్లలందర్నీ పలకరిస్తానంది. "నువ్వొస్తే ఉన్న పని కూడా జరగదు" అని చెల్లి కసిరింది.

ఇవాళ ఇలా పోగొట్టుకున్న ఆదివారానికి బదులు చెల్లి సెలవు అడిగిందట. మీ మంచికోసమే కదా పెట్టాం, దానికి సెలవెందుకు అన్నారట. కాగితం మీద రాసి ఇవ్వమన్నాను. ఇవ్వదు, నాకు తెలుసు.