అమ్మకు టికెట్టు ఎందుకు?

అనంతపురం వాళ్ళకు బెంగళూరు పోవడం ప్రయాణం కింద లెక్క కాదు. ఆస్పత్రికి పోతాం, పెళ్ళి బట్టలకు పోతాం, అక్కడ ఉద్యోగం చేసే తమ్ముడికి పచ్చళ్ళు ఇచ్చి సాయంత్రానికి తిరిగొస్తాం. ఇంటిల్లిపాదీ కట్టగట్టుకుని ఉత్త ఆటలకోసం బెంగళూరు పోవడం మాత్రం మా వంశంలో లేదు. అందుకే దసరా సెలవులు ఇంకా దూరముండగానే ఇంట్లో రోజూ అదే చర్చ.

పెద్దోడికి వండర్‌లా అనే ఆటల పార్కు తప్ప ఇంకోటి కనపడదు. క్లాసులో సగం మంది చూసొచ్చారట. రామోజీ ఫిల్మ్ సిటీ అని నేనొక మాట వేశాను. అది హైదరాబాద్‌కు అవతల, మాకు 350 కిలోమీటర్ల పైమాటే. హైదరాబాద్‌లోనూ వండర్‌లా ఉంది, 2016లో తెరిచారు. కర్నూలు వాళ్ళకైతే అదే దగ్గర. మాకు మాత్రం 2005 నుంచి మైసూరు రోడ్డులో బిడది దగ్గర నడుస్తున్నదే నయం. మా ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది. "హైదరాబాద్ చార్జీలు మిగిలితే చాలు, ఒక పూట తిండి గడిచిపోతుంది."

అసలు గొడవ టికెట్ల దగ్గర మొదలైంది. పెద్దల టికెట్టు వెయ్యి దాటుతుంది. శని, ఆదివారాల్లో ఇంకా ఎక్కువ. కాబట్టి మామూలు రోజే పోవాలి, ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. రానుపోను చార్జీలు, లాడ్జి, తిండి అన్నీ కలిపి 12,000 దాటకూడదని ఒక కాగితం మీద రాసుకున్నాను. ఆ కాగితం అమ్మ చేతికి చిక్కింది.

"నేను ఏ రంకులరాట్నమూ ఎక్కను. గేటు బయట చెట్టు కింద కూచుంటా. నాకెందుకురా టికెట్టు?"

"లోపలికి అడుగు పెడితే టికెట్టేమా. ఎక్కినా ఎక్కకపోయినా."

"కూచునేదానికి దుడ్లా? తిరుమల కంపార్ట్‌మెంట్లో అంతసేపు కూచున్నా, వాళ్ళే పాలిచ్చి పంపిచ్చిరి!"

దానికి నా దగ్గర జవాబు లేదు. పెద్ద వయసు వాళ్ళకు కొంత తగ్గిస్తారని చెప్పాను. తగ్గించి ఎంతని అడిగింది. చెప్పాను. ఆ పూట మళ్ళీ నాతో మాట్లాడలేదు. మరునాడు మా ఆవిడ నన్ను అడక్కుండా అమ్మ టికెట్టు కూడా బుక్ చేసేసి, ఇక వెనక్కి ఇవ్వరని అబద్ధమో నిజమో చెప్పి నోరు మూయించింది.

పెద్దోడి సంగతి ఇంకో రకం. బస్సులోనూ రైల్లోనూ పిల్లల వయసు అడుగుతారు. ఈ పార్కులో ఎత్తు చూస్తారు. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు ఉచితం, 140 దాకా పిల్లల టికెట్టు, అది దాటితే పెద్దల లెక్కే. పెద్ద రైడ్ల దగ్గర కూడా ఎత్తు కొలిచే లోపలికి పంపుతారు. మా వాడు వంటింటి తలుపు చెక్క మీద పెన్సిల్ గీత గీసుకుని రోజూ కొలుచుకునేవాడు. 139 దగ్గర నిలబడి ఉన్నాడు. వాడు పెరగాలని వాడు, ఇంకొన్నాళ్ళు ఆగమని నేను, ఒకే దేవుడి పటం ముందు ఇద్దరం వేరువేరుగా మొక్కుకున్నాం. వాడికి పిల్లల టికెట్టే తీశాను.

నీళ్ళల్లోకి దిగాలంటే నైలాన్ లాంటి బట్టలే ఉండాలి. నూలు బట్టలు పనికిరావు, చీర సంగతి చెప్పనక్కర్లేదు. ఇలాంటి చోట్ల ఆ బట్టలు అక్కడే కొనుక్కోవడం దండగ. మా ఊరి తిలక్ రోడ్డులో బేరమాడితే అందులో సగానికే దొరుకుతాయి. పిల్లలకూ మా ఆవిడకూ అక్కడే తీసుకున్నాం. అమ్మకు తీసుకోలేదు, కూచునే మనిషి కదా.

పోవడం హిందూపురం దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. ఇందులో ఒక కిటుకుంది. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. కానీ రాష్ట్రం దాటే బస్సులకు అది వర్తించదు. నేరుగా బెంగళూరు బస్సెక్కితే అందరికీ దుడ్లు పెట్టాలి, హిందూపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నాకూ పెద్దోడికీ పెడితే చాలు. కండక్టర్ ఇచ్చిన సున్నా రూపాయల టికెట్టును అమ్మ నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుంది. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ వచ్చినప్పుడు బస్సులో అందరూ ఒకసారి అటు చూశారు, ఎప్పుడూ చూసేదే అయినా. రైల్లో నిలబడే పోయాం. దాని గురించి చెప్పేదేం లేదు.

బెంగళూరు మెజెస్టిక్‌లో లాడ్జి గురించి చెప్పకపోతేనే మంచిది. ఫోన్‌లో చెప్పిన అద్దె వేరు, కౌంటర్లో అడిగింది వేరు. దసరా కదా సార్ అన్నాడు. వేణ్ణీళ్ళు మాత్రం పొద్దున ఆరు నుంచి ఏడు వరకేనట. దసరాకీ వేణ్ణీళ్ళకీ సంబంధమేందో నాకు ఇప్పటికీ తెలియదు.

పొద్దున సిటీ బస్సులో అమ్మ చాలా ధైర్యంగా కూర్చుంది. కండక్టర్ రాగానే ఆధార్ కార్డు తీసి చూపించింది. ఆయన కార్డు చూసి నవ్వాడు. కర్ణాటకలో 2023 జూన్ నుంచే ఆడవాళ్ళకు ఉచితం, కానీ ఆ రాష్ట్రం చిరునామా ఉన్నవాళ్ళకే. "ఆంధ్రా అమ్మా ఇదు" అన్నాడు మర్యాదగానే. పక్క సీటులో కన్నడామె ఉత్తినే పోతోంది, అమ్మ దుడ్లు ఇచ్చి పోతోంది. "నిన్న హిందూపురం దాకా నేనేమన్నా వేరే మనిషినా?" అని కెంగేరి దాకా గొణుగుతూనే ఉంది.

బిడదిలో దిగి ముందు తట్టె ఇడ్లీ తిన్నాం. పళ్ళెమంత వెడల్పు, మల్లెపువ్వంత మెత్తన, పైన కరిగిపోతున్న వెన్నముద్ద. ఒక్కటి తింటే పిల్లలకు కడుపు నిండిపోతుంది. మన ఉగ్గాని బజ్జీకి సాటిరాదని నేనన్నాను గానీ రెండోది కూడా తిన్నాను. 2023లో కొత్త ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాక మైసూరు పోయే కార్లు ఊరి బయట నుంచే దూసుకుపోతున్నాయి. పాత రోడ్డు మీది హోటళ్ళకు ఆ గిరాకీ తగ్గిందని ఇడ్లీ పెట్టినాయన చెప్పాడు. పార్కుకు పోయేవాళ్ళు ఇక్కడ గట్టిగా తినేసి పోవడం మేలు. ఇలాంటి పార్కుల్లోకి బయటి తిండి రానివ్వరు, లోపలి తిండి మన జేబుకు ఆనదు. మేము తెచ్చుకున్న చిత్రాన్నం కూడా అక్కడి బెంచీ మీదే ఖాళీ చేశాం.

గేటు దగ్గర ఎత్తు కొలిచే చోట పెద్దోడు మిలిటరీ వాడిలా నిలబడ్డాడు. మడమలు లేపలేదు, నేను వంగి చూశాను. పాపం, కొలిచే అమ్మాయికి కూడా మనసొప్పక రెండోసారి కొలిచింది. గీత దాటాడు. ఆ నెలలో ఎప్పుడు పెరిగాడో ఏమో, పెన్సిల్ గీతకు అందకుండా పెరిగాడు. తేడా డబ్బులు కట్టాను. వాడి మొహం చూసి తిట్టడానికి నోరు రాలేదు. అంత ఆరాటపడి ఎక్కిన మొదటి పెద్ద రైడ్ వాణ్ణి తలకిందులు చేసి తిప్పింది. దిగాక గంటసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత మళ్ళీ ఎక్కాడు.

నేను రాయాలనుకున్నది నిజానికి రైడ్ల గురించి కాదు. మధ్యాహ్నం అలల కొలను దగ్గరికి పోయాం. అమ్మ గట్టు మీద సంచులకు కాపలా కూర్చుంది. బూర మోగింది. నీళ్ళు అటు చివర నుంచి ఉబ్బి ఉబ్బి వచ్చాయి, జనం ఒక్కసారిగా కేకలు పెట్టారు. అమ్మ లేచి నిలబడింది.

మా అమ్మ పుట్టింది కళ్యాణదుర్గం వైపు పల్లెలో. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే జిల్లా మాది, అదీ పడిన ఏడు. చిన్నప్పుడు రాత్రిపూట బావి దగ్గర కూచుని, ఊట ఊరే కొద్దీ చెంబుతో తోడి కడవ నింపుకున్నామని చెబుతుంది. 1995 ప్రాంతంలో సత్యసాయి నీళ్ళ పథకం వచ్చింది. జిల్లాలో ఏడు వందలకు పైగా పల్లెలకు నీళ్ళిచ్చిన పథకం అది. అప్పటికి అమ్మ అత్తారింటికి వచ్చి చాలా ఏళ్ళయింది. పుట్టింట్లో కుళాయి చూడటానికి పనిగట్టుకుని పోయొచ్చింది.

"నాకూ ఒక జత గుడ్డలు ఉండాయా?" అంది మా ఆవిడతో.

లేవు. నా సంచిలో నా ట్రాక్ ప్యాంటు, ఎప్పుడో కాలనీ క్రికెట్ టోర్నీకి కుట్టించిన టీషర్టు ఉన్నాయి. వెనకాల 7 అని పెద్ద అంకె. మార్చుకునే గది నుంచి అమ్మ వాటితో బయటికొచ్చినప్పుడు పైన తువ్వాలు పైటలాగా వేసుకుని ఉంది. నా వైపు చూడకుండా, "మన ఊరోళ్ళు ఎవురన్నా ఉండారేమో చూడు" అంది.

చూడక్కర్లేదు. చుట్టూ సగం తెలుగే వినపడుతోంది. హిందూపురం, మదనపల్లి, చిత్తూరు, ఎవరి యాస వాళ్ళది. నీళ్ళు మడమల దాకా ఉన్న చోట అచ్చం ఇలాంటి టీషర్టుతోనే ఇంకో పెద్దామె నిలబడి ఉంది. అమ్మను కిందికీ పైకీ చూసి, "మీది మనవడిదా అక్కా?" అని అడిగింది.

"కొడుకుది."

"నాది అల్లుడిది" అంది ఆమె. ఇద్దరూ నవ్వారు.

ఆమెది ధర్మవరం. పట్టు మగ్గాల ఇల్లు. ఇక వాళ్ళిద్దరూ నీళ్ళల్లో చతికిలపడి కూర్చుని మాటల్లో పడ్డారు. అల వచ్చినప్పుడు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవడం, పోగానే ఆపిన చోట నుంచి అందుకోవడం. "వాన ఎక్కువైతే మగ్గం గుంతలోకి నీళ్ళు దిగి పని నిలిచిపోతాది, రాకపోతే తాగేదానికి ఉండవు" అంటోంది ఆమె. అమ్మ మా ఊళ్ళో ఎండిపోయిన బోర్లు ఒక్కొక్కటీ ఎన్నడుగులో చెబుతోంది. చుట్టూ సినిమా పాటలు, ఈలలు. మధ్యలో అమ్మ అక్కడ కాపలా ఉన్న ఈల అబ్బాయిని పిలిచింది.

"ఈ నీళ్ళు రోజూ పారబోస్తారా అప్పా?"

"ఇల్లమ్మా, ఫిల్టర్ మాడ్తీవి." లేదమ్మా, ఫిల్టర్ చేస్తాం అని.

"అట్ల చెప్పు" అని నిమ్మళంగా మళ్ళీ కూర్చుంది. పారబోస్తామని చెప్పి ఉంటే లేచి వచ్చేసేదే అనుకుంటాను.

తర్వాత ఎంత పిలిచినా రాదు. చిన్నది వచ్చి "జేజీ, జెయింట్ వీల్ ఎక్కుదాం రా" అంటే, "నువ్వు పోయి ఎక్కు, నా టికెట్టు ఇంకా వసూలు కాలేదు" అంది. నేనూ మా ఆవిడా పిల్లలతో ఒకటి తర్వాత ఒకటి లైన్లలో నిలబడ్డాం. చెప్పుకోదగ్గది మాకేమీ లేదు. నీళ్ళవైపు మూసేస్తున్నాం అని ఈలలు వేసేదాకా వాళ్ళిద్దరూ అక్కడే.

తిరుగు ప్రయాణం అంతా చిరాకే. ఆటో అతను బిడది స్టేషన్‌కు నాలుగు వందలు అడిగాడు. ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆటోలను రానివ్వరు, సర్వీసు రోడ్డులో చుట్టు తిరగాలి అన్నాడు. రానివ్వని మాట నిజమే, 2023 ఆగస్టు నుంచి అంతే. కానీ పొద్దున ఇదే దూరం, ఇదే రోడ్డు, సగం డబ్బులే తీసుకున్నారు. మైసూరు దసరా చూసి వస్తున్న జనంతో రైలు కిక్కిరిసి ఉంది. పోవాలనుకునేవాళ్ళు దసరా వారం మాత్రం పెట్టుకోవద్దు. సంక్రాంతి సెలవులు నయం, అక్కడి బడులకు ఇన్ని రోజులు ఉండవు కాబట్టి జనం తక్కువుంటారని మా తమ్ముడు చెప్పాడు.

ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేస్తే 13,400 తేలింది. పెద్దోడి ఎత్తు కొంత, లాడ్జి కొంత, ఆటో కొంత. అమ్మ వీధిలో అందరికీ అలల గురించి చెప్పింది గానీ టికెట్టు ధర ఎవరికీ చెప్పలేదు. ధర్మవరం ఆమె ఫోన్ నంబరు మాత్రం తెచ్చుకుంది. మా చెల్లెలి కూతురి పెళ్ళికి చీరలు అంగడిలో వద్దు, నేరుగా మగ్గం దగ్గరే తీసుకుందామని ఇద్దరూ మాట్లాడేసుకున్నారు. పెట్టుపోతల చీర నాదే కాబట్టి వచ్చే నెల ధర్మవరం పోవాలి. ఆ ఖర్చు ఈ లెక్కలో కలపలేదు.