అమ్మమ్మ రూపాయలు, నా టూత్‌పేస్టు తెలివి

కిందటేడు వరలక్ష్మీ వ్రతం ముందురోజు అమ్మ పూజ సామాన్లు దించుతూ అమ్మమ్మ వెండి రూపాయల మూట నా చేతిలో పెట్టి "మసకబారాయి, కొంచెం తోమిపెట్టరా" అంది. మనకి తెలివెక్కువ కదా, చింతపండు ఎందుకులే అని టూత్‌పేస్టు పెట్టి పాత బ్రష్షుతో పావుగంట రుద్దా. అద్దాల్లా మెరిసిపోయాయి. ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడితే మా బాబాయ్ "ఒరేయ్ 1862ది ఉంది కదరా, లక్షలు పలుకుతుంది, యూట్యూబ్‌లో చూశా" అన్నాడు, ఇక ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

ఆ ఆదివారమే కోఠి వైపు పాత నాణేలు కొనే ఒక పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళా. లెన్స్ పెట్టి నాలుగైదు తిప్పి చూసి, రేటు సంగతి ఎత్తకుండా "ఎవరు తోమారు బాబూ వీటిని?" అన్నాడు. నేనే అని చెప్పడానికి నోరు రాలేదు, అమ్మ అని చెప్పా, పాపం.

ఆయన చెప్పింది ఏంటంటే, మింట్‌లో, అంటే నాణేలు కొట్టే టంకశాలలో, అచ్చు పడినప్పుడు నాణెం పైపొరకి ఒక మెరుపు వస్తుంది, లైటు కింద పెట్టి మెల్లగా తిప్పితే ఆ మెరుపు కూడా చక్రంలా తిరుగుతుంది. టూత్‌పేస్టులో ఉండే సన్నటి పొడి ఆ పొరని గీరేస్తుంది, మన కంటికి తళతళ, లెన్స్‌లో చూస్తే అన్నీ వెంట్రుక గీతలే. నల్లగా ఉన్నది మురికి కాదట, గాల్లో ఉన్న గంధకంతో వెండి కలిసి కట్టిన పలచటి పొర, అది సమంగా పట్టి ఉంటే దానికి ఎక్కువిచ్చి కొనేవాళ్ళు కూడా ఉన్నారు. మన ఇళ్ళల్లో విభూతి, కుంకుడురసం, చింతపండు పెట్టి యాభై ఏళ్ళు పూజ చేసుకున్న రూపాయల్లో ఎన్నిటికి ఆ పొర మిగిలుంటుందో మీరే ఆలోచించండి.

సరే లోపల వెండి ఎంతో చూద్దాం. 1835 నుంచి 1939 దాకా బ్రిటిష్ రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా తులం, అందులో 91.7 శాతం వెండి, కాబట్టి అసలు వెండి 10.69 గ్రాములు. ఎంత తోమినా, ఎంత అరిగినా ఆ వెండి ధర (అరిగినంత మేర తగ్గించుకుని) ఎలాగూ వస్తుంది, దాని పైన వచ్చేదే నాణేల వాళ్ళ లెక్క. 1940 నుంచి వెండి సగానికి తగ్గించారు, మా మూటలో 1944ది ఒకటి ఉంది, చూడ్డానికి అన్నలాగే ఉంటుంది కానీ లోపల 50 శాతమే.

ఇక మా బాబాయ్ 1862. దాని కథ వింటే నవ్వొస్తుంది, 1862లో మొదలెట్టిన ఆ తారీఖునే 1874 దాకా మార్చకుండా అచ్చేస్తూ పోయారు, ఏ ఏడాదిదో తెలియడానికి చిన్న చిన్న చుక్కలు పెట్టుకున్నారు అంతే. అంటే ఒక ఏడాది పేరు మీద పన్నెండేళ్ళ సరుకు! పాతది కాబట్టి అరుదు అనుకోవడం మన భ్రమ. 1918 రూపాయి చూడండి, మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడ వెండి కరువొస్తే అమెరికా తన వెండి డాలర్లు కరిగించి పంపింది, ఆ ఒక్క ఏడాది కలకత్తా, బొంబాయి మింట్లు కలిపి 40 కోట్లకి పైగా రూపాయలు కొట్టాయి, అందుకే ఎక్కడ చూసినా అదే. దానికన్నా కొత్తదైన 1939 రూపాయికి మాత్రం జనం ఎగబడతారు, మిగిలినవే చాలా తక్కువ కాబట్టి. నకిలీలు కూడా దానికే ఎక్కువ, ఎవరైనా చవగ్గా ఇస్తానంటే దండం పెట్టి వచ్చేయండి.

నాకు బాగా నచ్చింది ఐదో జార్జ్ రాజు బొమ్మ ఉన్న 1911 రూపాయి. రాజు ఒంటి మీద నగలో చెక్కిన ఏనుగుకి తొండం పొట్టిగా రావడంతో అచ్చం పందిలా కనపడి గొడవైంది, ముస్లింలకి అభ్యంతరం, 94 లక్షలు కొట్టిన దాంట్లో ఓ 7 లక్షలే బయటికి వచ్చాయట, మిగతావి కరిగించి 1912లో తొండం సరిచేశారు. కథ ఇంత రంజుగా ఉంటే రేటు కూడా కొంచెం పెరుగుతుంది మరి.

అమ్మమ్మ వాళ్ళది ఖమ్మం వైపు, నిజాం రాజ్యం కాబట్టి మూటలో చార్మినార్ రూపాయలు రెండున్నాయి, నిజాం సొంతంగా కొట్టించిన నాణేలు, హాలీ సిక్కా అంటారే అవి. చార్మినార్ గుమ్మంలో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది, మీమ్ అయితే మహబూబ్ అలీ ఖాన్‌ది, ఐన్ అయితే ఉస్మాన్ అలీ ఖాన్‌ది. మావి రెండూ ఐన్. ఒకదానికి పైన కొండీ అతికించి ఎవరో మెళ్ళో వేసుకున్నారు, దాన్ని ఆయన చూడగానే పక్కకి పెట్టేశాడు, టంకం పడినా చిల్లు పడినా ఇంక వెండి లెక్కేనట. నాకు మాత్రం అదే ఇష్టం, ఎవరి మెళ్ళోదో.

ఆఖర్న జేబులోంచి నల్లటి రూపాయి ఒకటి తీశా, ట్రంకుపెట్టె అడుగున పాత కాగితంలో చుట్టి ఉంటే పనికిరాదని తోమకుండా వదిలేసింది. 1918దే, అన్నిటికన్నా మామూలుది. కానీ రాజుగారి కిరీటం, మీసం, అన్నీ నిన్న కొట్టినట్టున్నాయి. మిలమిలలాడే మా 1862 కన్నా దానికే ఎక్కువిస్తానన్నాడు ఆయన. అమ్మలేదనుకోండి.

ఇది విని న్యూజెర్సీలో ఉన్న తమ్ముడు "ఈసారి వచ్చినప్పుడు ఆ నల్లది నేను పట్టుకెళ్తా" అన్నాడు. కుదరదురా, వందేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, దేశం దాటించకూడదు, కావాలంటే 1944ది తీసుకుపో అన్నా. సంతోషంగా ఒప్పుకున్నాడు. అందులో సగమే వెండి అని వాడికి ఇంకా చెప్పలేదు.