బాపు లెక్కలో నాలుగు రోజులు

2024 నవంబర్‌లో ఎన్టీపీసీ గ్రీన్ ఐపీఓ వచ్చినప్పుడు, అంటే కరెంటు కంపెనీ ఎన్టీపీసీ తన సోలార్, గాలి కరెంటు చూసే కంపెనీ షేర్లని మొదటిసారి జనానికి అమ్మినప్పుడు, ఒక లాట్‌కి అప్లై చేశాను. 138 షేర్లు, ఒక్కోటి 108 రూపాయలు, మొత్తం 14,904. అకౌంట్స్‌లో పనిచేసేదాన్నే అయినా కంపెనీ లెక్కలు చెప్పే ప్రాస్పెక్టస్ సరిగ్గా చదవలేదు. రామగుండం జ్యోతినగర్ క్వార్టర్లలో పెరిగినవాళ్లకు ఆ నాలుగు అక్షరాలు ఇంటిపేరులాంటివి, అందుకే వేశాను. లాట్ వచ్చింది. ఫోన్ చేసి చెప్తే బాపు నవ్వాడు. "మంచిగైంది బిడ్డా. ముప్పై ఏండ్లు నేను కంపెనీకి పనిచేసిన, ఇగ కంపెనీ నీకు చేస్తది."

అంత తొందరగా ఏమీ చేయలేదు. డిసెంబర్ మొదట్లో 150 దాటినప్పుడు అమ్మకుండా కూర్చున్నాను, ఫిబ్రవరికల్లా 108 కిందికి దిగింది. తప్పు పూర్తిగా నా ఆశదే.

శివరాత్రికి ఊరెళ్లాను. అమ్మ చెల్లెలితో కలిసి వేములవాడ పోయింది. బాపు ఒక్కపొద్దు. ఆయన ఒక్కపొద్దు అంటే గంటకో ఛాయ్. 2012లో రిటైరైనా ఇప్పటికీ టైమ్‌ని ఏ షిఫ్ట్, బి షిఫ్ట్, సి షిఫ్ట్ అనే చెప్తాడు. మధ్యాహ్నం రెండున్నరకి నేను నిద్ర లేస్తే "బి షిఫ్ట్ ఎక్కినంక లేస్తవా?" అన్నాడు. ఆయన పనంతా ఎన్టీపీసీ బొగ్గు ప్లాంటులో కరెంటు తీసే యూనిట్లని నడపడంలోనే, కంట్రోల్ రూమ్ డెస్క్ మీద.

సాయంత్రం స్కూటీ మీద ప్లాంటు రిజర్వాయర్ వైపు పోదామన్నాను. నీళ్ల మీద తేలే సోలార్ ప్లాంటు 2022 జూలై 1 నుంచి పూర్తిగా నడుస్తోంది. నేను వచ్చిన ప్రతిసారీ రైలు దిగి ఇంటికి, ఇంట్లోంచి రైలుకి తప్ప అటు చూసిందే లేదు. లోపలికి మనల్ని పోనివ్వరు కాబట్టి దూరంగా రోడ్డు పక్కన బండి ఆపి చూశాం. చిన్నప్పుడు అక్కడ నీళ్లు తప్ప ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు నీలం పలకలు, ఎవరో నీళ్ల మీద చాపలు పరిచినట్టు. మొత్తం 500 ఎకరాల్లో 100 మెగావాట్లు. 40 బ్లాకులు, ఒక్కో బ్లాకు రెండున్నర మెగావాట్లు, ఒక్కోదాంట్లో 11,200 పలకలు.

బాపుకి పలకల సంగతి పెద్దగా పట్టలేదు. ఆయన అడిగింది ఒక్కటే. "ఇన్వర్టర్ యాడ పెట్టిండ్రు? ఒడ్డు మీదనా?" కాదు, ఇన్వర్టరు, ట్రాన్స్‌ఫార్మరు, బ్రేకరు అన్నీ నీళ్ల మీదే, ఫెర్రో సిమెంటుతో చేసిన తేలే దిమ్మెల మీద ఉంటాయని ఫోన్లో వీడియో చూపించాను. మళ్లీ పెట్టమన్నాడు. మూడుసార్లు చూశాడు. "ట్రాన్స్‌ఫార్మర్ తేలుడేందే!" పలకలు ప్లాస్టిక్ డబ్బాల్లాంటి ఫ్లోటర్ల మీద ఉంటాయి. నీళ్ల అడుగున కాంక్రీటు దిమ్మెలు వేసి, వాటికి గట్టి తాళ్లతో కట్టారు, పడవకి లంగరు వేసినట్టు. నీళ్లు పెరిగితే ప్లాంటు పైకి లేస్తుంది, తగ్గితే కిందికి దిగుతుంది. కరెంటు కేబుళ్ల మీద పాత స్విచ్‌యార్డుకే, అంటే ప్లాంటు కరెంటుని పెద్ద లైన్లలోకి పంపే చోటికే వస్తుంది, అంటే బొగ్గు కరెంటు పోయే దారిలోకే.

మే నెలలో రామగుండం ఎండ తెలిసినవాళ్లకి ఇదెందుకు మంచిదో వేరే చెప్పక్కర్లేదు. 45 డిగ్రీలు మాకు మామూలు. సోలార్ పలకకి వెలుతురు కావాలి గానీ వేడి పడదు, డిగ్రీ పెరిగేకొద్దీ కరెంటు కొంచెం కొంచెం తగ్గుతుంది. కింద నీళ్లుంటే పలక కాస్త చల్లగా ఉంటుంది. పైన పలక ఉంటే నీళ్లు అంతగా ఆవిరి కావు. ఏడాదికి 32.5 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు మిగులుతాయని కంపెనీ లెక్క. ఈ మాట చెప్పినప్పుడు మాత్రం బాపు వెంటనే తలూపాడు. ఎండాకాలంలో రిజర్వాయర్ లెవెల్ చూసుకుంటూ డ్యూటీ చేసిన మనిషి.

ఏడాదికి 1,65,000 టన్నుల బొగ్గు కూడా ఆదా అవుతుందని చదివి వినిపించాను. నాకు పెద్ద అంకెలా అనిపించింది. బాపు నవ్వి, జేబులోంచి పెన్ను తీసి, నా రైలు టికెట్ ప్రింటు వెనక రాయడం మొదలుపెట్టాడు.

"మన పాత ప్లాంటు 2600 మెగావాట్లు. ఫుల్ లోడ్ మీద రోజంతా నడిస్తే ఆరు కోట్ల ఇరవై నాలుగు లక్షల యూనిట్ల కరెంటు. యూనిట్‌కు ఏడు వందల గ్రాముల బొగ్గు అనుకో. రోజుకెంతైంది?"

"దాదాపు 43,700 టన్నులు."

"గీ 1,65,000 ఎన్ని రోజులొస్తది?"

నాలుగు రోజులు కూడా రాదు. 423 కోట్లు పెట్టి 500 ఎకరాల మీద పరిచిన ప్లాంటు ఏడాదంతా ఎండలో మాడి మిగిల్చేది, పక్కనున్న ప్లాంటు నాలుగు రోజుల్లో తినేసే బొగ్గు. ఆ నీళ్లకు దగ్గర్లోనే ఇదే కంపెనీ రెండు కొత్త 800 మెగావాట్ల బొగ్గు యూనిట్లు కూడా కట్టింది. రాష్ట్ర విభజన చట్టంలో ఇచ్చిన 4000 మెగావాట్ల మాటలో మొదటి విడత అది. మొదటి యూనిట్ 2023లో, రెండోది 2024లో జాతికి అంకితమయ్యాయి. ఒకే కంపెనీ ఒక చేత్తో పలకలు, ఇంకో చేత్తో చిమ్నీలు.

"మరి ఇదంతా దండగేనా బాపూ?"

"దండగని నేనన్ననా? లెక్క చెప్పిన."

తర్వాత చెప్పిందే అసలు సంగతి, నేను ఏ బిజినెస్ పేజీలోనూ ఇంత సులువుగా చదవలేదు. ఆయన కాలంలో యూనిట్ ఎక్కిందంటే ఫుల్ లోడే. ఇప్పుడు పగలు దేశమంతా సోలార్ వస్తుంది కాబట్టి బొగ్గు యూనిట్లని లోడ్ దింపమంటారు, అంటే కరెంటు తక్కువ తీయమంటారు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో రూలే పెట్టింది, బొగ్గు యూనిట్ 55 శాతానికి దిగి నడవగలగాలి, ఆ తర్వాత దశలవారీగా 40 శాతానికి. 500 మెగావాట్ల యూనిట్ 275కి, రేపు 200కి. అంత కిందికి దిగితే బొగ్గుని పొడిచేసే మిల్లుల్లో నడిచేవి తగ్గుతాయి, బాయిలర్‌లో మంట నిలకడగా ఉండదు, ఒక్కోసారి మంట ఆరకుండా ఆయిల్ సపోర్ట్ ఇవ్వాల్సొస్తుంది. పొద్దుగూకగానే మళ్లీ పైకి ఎక్కించాలి. రోజూ ఇదే.

"ఇనుప తీగను అటు ఇటు వంచుతుంటే ఏమైతది? బాయిలర్ ట్యూబుల పానం గూడ గంతే. వేడైతే సాగుతయ్, సల్లబడితే ముడుసుకుంటయ్. మా యూనిట్లు ఒగటే తీరు నడవనీకి కట్టినయ్. 1983ల మొదటిది ఎక్కింది. గిప్పుడు ముసల్దాన్ని పట్టుకొని డ్యాన్స్ చెయ్యమన్నట్టున్నది."

నేను షేరు ధర చూసుకుంటూ కూర్చున్న కంపెనీ గురించి అప్పుడు కొంచెం చదివాను, అదీ రోడ్డు పక్కన. ఐపీఓలో తెచ్చిన 10,000 కోట్లలో 7,500 కోట్లు తన కింద ఉన్న పిల్ల కంపెనీ అప్పు తీర్చడానికే. సోలార్, గాలి కరెంటు తీసే అయానా అనే కంపెనీని ఓఎన్‌జీసీతో సగం సగం కలిసి 19,500 కోట్ల విలువ కట్టి కొంటున్నామని ఆ నెలలోనే ప్రకటించారు. అందులో 4,100 మెగావాట్లదాకా ఉంది. ఎన్టీపీసీ గ్రీన్ 2024 సెప్టెంబర్ చివరికి నడుపుతున్నది 3,320 మెగావాట్లే. అంటే తను అప్పటికి నడుపుతున్నదానికంటే పెద్దదాన్ని ఒక్క బేరంలో కొనడానికి దిగింది, సగం వాటాయే అయినా, అందులో కొంత ఇంకా కట్టాల్సి ఉన్నా. ఎన్టీపీసీ గ్రూపు మొత్తం అప్పటికి 76 వేల మెగావాట్ల పైన, 2032కి పునరుత్పాదక విద్యుత్ ఒక్కటే 60 వేలు చేస్తామంది. బాపు ఇవేవీ వినలేదు. అప్పు అన్నమాట ఒక్కటే విన్నాడు. "అప్పు దీర్పనీకి షేర్లు అమ్మిండ్రా? నువ్వు గొన్నవా?" అని నా మొహం చూశాడు.

పెద్ద కంపెనీలు అప్పు చేసే కడతాయని, అది మామూలేనని నాకు తెలుసు. ఆయనకి చెప్పే ధైర్యం రాలేదు. నాకైతే ఆ 138 షేర్లు అమ్మబుద్ధి కావట్లేదు. నీళ్ల మీది 100 మెగావాట్లు చూసి కాదు. పగటి కరెంటుని రాత్రికి దాచే పని ఎవరో ఒకరు చేయాలి, బ్యాటరీతోనో, నీళ్లని గుట్ట మీదికి ఎక్కించో. ముసలి బాయిలర్లకి సెలవు దొరికేది అప్పుడే. ఆ పని వీళ్లు చేస్తారా అన్నదే నేను చూస్తున్నది. యాప్‌లో ఎర్ర రంగు చూసి టెన్షన్ పడటం మానేశానని మాత్రం అనను.

ఆరు దాటింది. నీళ్ల మీద నీలం పోయి పలకలు నల్లగా కనిపిస్తున్నాయి. బండి తీద్దాం, ఇంటికెళ్లి ఛాయ్ పెడతానన్నాను. బాపు చిమ్నీల వైపు చూస్తూ అలాగే నిలబడ్డాడు.

"మా దినాలల్ల బి షిఫ్ట్ కు గిదే ఛాయ్ టైము. ఇప్పుడు పోరగాండ్లు డెస్క్ కాడికెల్లి లేవకుంట లోడ్ ఎక్కిస్తుంటరు."