పదిహేనో తారీకు, పది రోజుల లెక్క

నవంబర్ 15, 2025, శనివారం. ఫ్రీమాంట్.

పొద్దుట్నుంచి ముసురు. ఇవాళ ఐహెచ్‌ఎస్‌ఎస్ టైమ్‌షీట్ రోజు. కాలిఫోర్నియాలో మెడి-కాల్, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా, ఉన్న పెద్దవాళ్లకి ఇంట్లో సాయం చేసే మనిషికి గంటల లెక్కన డబ్బిచ్చే పథకం ఇది. సాయం చేసేది కొడుకైనా కోడలైనా సరే, ప్రొవైడర్‌గా నమోదై ఉంటే చాలు. 1 నుంచి 15 దాకా ఒక టైమ్‌షీట్, 16 నుంచి నెలాఖరు దాకా ఇంకొకటి. గంటల గడి వేరు, నిమిషాల గడి వేరు. రెండున్నర గంటలంటే 2:30 అని వేయాలి, 2:50 కాదు. చిన్న విషయమే, కానీ ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

టైమ్‌షీట్ నింపేటప్పుడే ఆ పదిహేను రోజుల్లో ఇంట్లో ఏం మారిందో కూడా చూసుకోవాలి. ఏదైనా మారితే 10 రోజుల్లోగా కౌంటీకి చెప్పాలని నియమం. నెలకు రెండుసార్లు ఎలాగూ క్యాలెండర్ ముందేసుకుని కూర్చుంటాం కాబట్టి, ఆ చూపు అలవాటైతే మార్పు చెప్పకుండా నెలలు దొర్లిపోవు.

ముందు చూడాల్సింది ఆసుపత్రి. పెద్దావిడని అడ్మిట్ చేసుకున్నాక అక్కడున్న రోజులకి గంటలు వేయకూడదు. రీహాబ్ కోసం నర్సింగ్ హోమ్‌లో ఉంచినా అంతే. పక్కనే కూర్చున్నాం, అన్నం తినిపించాం, రాత్రంతా మేలుకున్నాం, అది సేవ కాదా అని మనసు అడుగుతుంది. సేవే. కానీ ఆ రోజుల్లో ఆవిడ సంరక్షణకి మెడి-కాల్ ఆసుపత్రికే డబ్బు కడుతోంది, అదే పనికి రెండోసారి ఇవ్వదు. ఆసుపత్రి బిల్లు తేదీలు, టైమ్‌షీట్ తేదీలు ఒకదానిమీద ఒకటి పడితే తర్వాత ఓవర్‌పేమెంట్ అని ఉత్తరం వస్తుంది, ప్రొవైడర్ జీతంలోంచి కోసుకుంటారు. అందుకే చేరిన తేదీ, ఇంటికొచ్చిన తేదీ రెండూ కౌంటీ సోషల్ వర్కర్‌కి చెప్పేయాలి.

ఇంటికొచ్చాక పని పెరుగుతుంది. తుంటి ఎముక విరిగి వచ్చిన మనిషికి మంచం దిగడానికీ, బాత్రూమ్‌కి వెళ్లడానికీ చెయ్యి కావాలి. ఎన్ని గంటల సాయం ఇవ్వాలో సోషల్ వర్కర్ ఏడాదికోసారి ఇంటికొచ్చి మళ్లీ తేల్చే రీఅసెస్‌మెంట్ దాకా ఆగక్కర్లేదు. పరిస్థితి మారింది, మళ్లీ చూడండి అని అప్పుడే అడగొచ్చు. డిశ్చార్జి కాగితాలు, ఫిజికల్ థెరపిస్టు రాసిన నోటు జతచేస్తే బలం.

మార్పు చెబితే గంటలు తగ్గించేస్తారని మనవాళ్లలో గట్టి భయం ఉంది. లెక్క తెలిస్తే సగం పోతుంది. ఇల్లు ఊడ్చి తుడవడానికి మామూలుగా ఇంటి మొత్తానికి నెలకు 6 గంటలు. ఆ ఇంట్లో ముగ్గురుంటే మూడు వాటాలు, పెద్దావిడ పేరున పడేది 2 గంటలు. కొడుకూ కోడలూ వేరే ఇంటికి మారితే ఆ 6 గంటలూ ఆవిడవే. మరి ఆ సంగతి చెప్పకపోతే నష్టం ఎవరికి? బట్టలు ఉతకడమూ అలాగే. ఇంట్లో వాషింగ్ మెషీన్ ఉంటే వారానికి 1 గంట, లాండ్రీకి మోసుకెళ్లాల్సి వస్తే గంటన్నర. నెలకు 4.33 వారాలు వేస్తారు కాబట్టి మెషీన్ లేని అపార్ట్‌మెంట్‌కి మారితే నెలకు రెండు గంటల పైమాటే కలుస్తుంది. స్నానం, బట్టలు తొడగడం లాంటి ఒంటి పనుల్లో ఇంట్లో ఎంతమంది ఉన్నా వాటాలు వేయరు.

అయితే కొడుకు వేరే ఇంటికి మారినప్పుడు ఇంకో రెండు పనులున్నాయి. అతనే ప్రొవైడరై అమ్మతో ఒకే కప్పు కింద ఉన్నన్నాళ్లూ, కలిసే ఉంటున్నామని చెప్పే ఎస్‌ఓసీ 2298 ఫారం ఇచ్చి ఉంటే ఆ జీతం మీద ఆదాయపు పన్ను పడదు. ఇల్లు మారితే ఆ మినహాయింపు పోయినట్టే, 2299 ఫారంతో రద్దు చేసుకోవాలి. అలాగే కలిసి ఉండని ప్రొవైడర్ పని మొదలెట్టినప్పుడు చెక్-ఇన్, ముగించినప్పుడు చెక్-అవుట్ చేయాలి. ఫ్రీమాంట్ నుంచి మౌంటెన్ హౌస్‌కి మారేవాళ్లు మనలో చాలామంది. అక్కడికి అమ్మని కూడా తీసుకెళితే అలమేడా కౌంటీ దాటి సాన్ వాకీన్ కౌంటీలోకి వెళ్లినట్టు. ముందు పాత కౌంటీకి చెప్పాలి. ఫైలు అక్కణ్నుంచి కొత్త కౌంటీకి వెళ్లాలి, అందే దాకా పాత కౌంటీయే నడుపుతుంది.

ఇందులో అసలు చిక్కు ఎవరికి చెప్పాలన్నదే. ఐహెచ్‌ఎస్‌ఎస్ సోషల్ వర్కర్ ఒకరు, మెడి-కాల్ అర్హత చూసే ఎలిజిబిలిటీ వర్కర్ ఇంకొకరు, ఆదాయం తక్కువున్న పెద్దవాళ్లకి కేంద్రం నెలనెలా ఇచ్చే ఎస్‌ఎస్‌ఐ డబ్బు వస్తుంటే సోషల్ సెక్యూరిటీ ఆఫీసు మూడోది. ఒకరికి చెప్పింది మిగతా ఇద్దరికీ చేరుతుందనుకుంటే మోసపోతాం. పాత చిరునామాకి మెడి-కాల్ రెన్యూవల్ ఫారం వెళ్లి, జవాబు లేక మెడి-కాల్ ఆగితే, దాని వెనకే ఐహెచ్‌ఎస్‌ఎస్ కూడా ఆగుతుంది. ఆగినా 90 రోజుల్లోపు ఆ ఫారం నింపి పంపితే కొత్త దరఖాస్తు లేకుండా మళ్లీ చూస్తారు. మెడి-కాల్ మార్పులు బెనిఫిట్స్‌కాల్ సైట్‌లోనే వేసి కాగితాలు ఎక్కించొచ్చు. ఫోన్లో చెబితే తేదీ, టైము, మాట్లాడిన వాళ్ల పేరు నోటుబుక్కులో ఒక వరస రాసుకోవడం మంచిది.

సంక్రాంతి ప్రయాణాలు దగ్గరపడ్డాయి. దేశం బయట ఉన్న రోజులకి ఐహెచ్‌ఎస్‌ఎస్ గంటలు వేయకూడదు. ఎస్‌ఎస్‌ఐ ఇంకా కఠినం. వరసగా 30 రోజులు అమెరికా బయట ఉంటే అది ఆగిపోతుంది, తిరిగొచ్చాక ఇక్కడ వరసగా 30 రోజులు గడిస్తే గానీ మళ్లీ అర్హత రాదు. ఎస్‌ఎస్‌ఐతో వచ్చే మెడి-కాల్ కూడా దానికే ముడిపడి ఉంటుంది. టికెట్లు కొనేముందే క్యాలెండర్ మీద రోజులు లెక్కపెట్టుకోవాలి, వెళ్లే తేదీ, వచ్చే తేదీ బయల్దేరకముందే చెప్పాలి. ఊళ్లో పొలం అమ్మిన వాటా చేతికొచ్చినా చెప్పాల్సిందే. ఎస్‌ఎస్‌ఐకి ఒక్కరికైతే 2,000 డాలర్లు, దంపతులకి 3,000 దాటి ఆస్తి ఉండకూడదు. పెద్దవాళ్ల మెడి-కాల్‌కి 2024లో తీసేసిన ఆస్తి పరిమితి 2026 జనవరి 1 నుంచి మళ్లీ అమల్లోకి, ఒక్కరికి 1,30,000 డాలర్లు, ఇద్దరికి 1,95,000.

ఇన్ని నియమాల కన్నా ఎక్కువ గంటలు పోగొట్టేది మన మర్యాద. సోషల్ వర్కర్ ఇంటికొస్తుంది. పెద్దావిడ మంచి చీర కట్టుకుని సోఫాలో కూర్చుంటుంది. ఎలా ఉన్నారంటే, ‘నాకేంటమ్మా, బాగానే ఉన్నాను, నా పనులన్నీ నేనే చేసుకుంటాను’ అంటుంది. ఇంటికొచ్చిన మనిషి ముందు కష్టం చెప్పుకోవడం మన పెద్దవాళ్లకి చేతకాదు. ఆ వర్కర్ రాసుకునేది మాత్రం ఆ మాటే. ఆ చీర కుచ్చిళ్లు పెట్టింది కోడలు, జడ వేసింది కోడలు, సోఫా దాకా మోచెయ్యి పట్టి నడిపించింది కోడలు. ఇవేవీ కాగితం మీదికెక్కవు. అందుకే రెండు వారాల ముందు నుంచీ రోజూ చేసిన సాయం నిమిషాలతో రాసిపెట్టాలి: మంచం మీంచి లేపడం ఎన్నిసార్లు, స్నానానికి ఎంతసేపు, రాత్రి బాత్రూమ్‌కి ఎన్నిసార్లు. ఒంట్లో బాగున్న రోజుదే కాదు, మోకాళ్లు సహకరించని రోజుదీ. ఆవిడతో ముందే కూర్చుని, ‘అత్తయ్యా, వాళ్లు చుట్టపుచూపుగా రావట్లేదు, ఉన్నదున్నట్టు చెప్పండి’ అని నచ్చజెప్పాలి.

తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ఇవ్వమని అడిగితే కౌంటీ ఉచితంగా ఇవ్వాలి. జీతం తీసుకునే కొడుకే అమ్మ మాటని అనువదిస్తే ఇద్దరికీ ఇబ్బంది. ఫోన్ టైమ్‌షీట్ లైన్లో మాత్రం తెలుగు లేదు, అది ఇంగ్లీషు, స్పానిష్, ఆర్మేనియన్, చైనీస్‌లోనే నడుస్తుంది. పెద్దావిడ అందులో టైమ్‌షీట్ ఆమోదించాలంటే ఏ అంకె ఎప్పుడు నొక్కాలో పెద్దక్షరాలతో రాసి ఫోన్ పక్కన అంటించాలి.

ఇన్ని చెప్పినా గంటలు తగ్గిస్తే, ఆ సంగతి చెబుతూ కౌంటీ నుంచి నోటీస్ ఆఫ్ యాక్షన్ అనే ఉత్తరం వస్తుంది. దానిమీద హియరింగ్, అంటే అప్పీలు విచారణ, అడగడానికి 90 రోజుల గడువుంటుంది, కానీ కోత అమల్లోకి వచ్చే తేదీకి ముందే అడిగితే తీర్పు దాకా పాత గంటలే నడుస్తాయి. ఆ ఉత్తరం కవరు పారేయకూడదు, ఎప్పుడు పంపారో చెప్పే తపాలా ముద్ర దానిమీదే ఉంటుంది.

ఇవాళ శనివారం, ఆఫీసులు లేవు. సోమవారం పొద్దున్నే కౌంటీకి ఒకటి, మెడి-కాల్‌కి ఒకటి, సోషల్ సెక్యూరిటీకి ఒకటి, మూడు ఫోన్లు. నోటుబుక్కులో 17వ తేదీ వేసి, కింద మూడు గీతలు ఖాళీగా ఉంచాను.